నీల్ ఐలాండ్ భరత్‌పూర్ బీచ్: ఫోటో చూసి వెళ్తే రెండు స్టార్లు, క్యాలెండర్ చూసి వెళ్తే నాలుగున్నర

ముందే చెప్పేస్తున్నా, నేనేమీ పెద్ద ఈతగాడిని కాదు. చిన్నప్పుడు బందరు కాలువలో మా చిన్నాన్న నడుముకి సొరకాయ బుర్రలు కట్టి దింపేస్తే, చచ్చినట్టు నేర్చుకున్న ఈత నాది. ఆ ఈతతోనే మొన్న మాఘ పౌర్ణమికి అటూ ఇటూగా ఆరు రోజులు అండమాన్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదువుతున్న మా వాడు, గుంటూరు నుంచి మా బావమరిది, వాళ్లావిడ. వెళ్లింది ఒక్క పని కోసం. బోటెక్కకుండా, వీపుకి సిలిండర్ కట్టుకోకుండా, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలో దిగి, మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని పగడపు దిబ్బలు చూడాలని. దీన్నే స్నార్కెలింగ్ అంటారు.

మాది విజయవాడ. టికెట్లు తీసేటప్పుడే మా అమ్మ, "ద్వీపం చూడాలంటే పున్నమి ఘాట్‌లో లాంచీ ఎక్కితే భవానీ ఐలాండ్ రాదూ" అంది. మా బావమరిది ఇంకో అడుగు ముందుకేసి, "బావా, సముద్రమే కావాలంటే మాకు సూర్యలంక ఉందిగా, పొద్దున బయల్దేరితే టిఫిన్ టైముకి నీళ్లలో ఉంటాం" అన్నాడు. సూర్యలంక మంచి బీచే, నేనేం కాదనను. కానీ అక్కడ నీళ్లలో మొహం ముంచితే మన చెయ్యి మనకే కనబడదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు కదా, ఆ ఎర్రనీళ్లు మనందరికీ గుర్తే. ఆ బురదంతా చివరికి చేరేది హంసలదీవి దగ్గర సముద్రంలోకే. గోదావరి బురద అటు పక్క సరేసరి. పగడపు జీవికి ఒంట్లోనే కంటికి కనబడనంత చిన్న నాచు ఉంటుంది, ఎండ తగిలితే అది వండి పెట్టిందే దీనికి తిండి. నీళ్లు మురికైతే ఎండ లోపలికి దిగదు, పైనుంచి ఒండ్రు పడి ఊపిరాడదు. అందుకే మన కృష్ణా, బాపట్ల తీరాల్లో ఎంత వెతికినా పగడపు దిబ్బలుండవు. పెద్ద నదుల బురద అందనంత దూరంలో ఉన్న ద్వీపం కావాలి.

ఇక ప్యాకేజీ. ఊళ్లోనే ఒక ట్రావెల్స్‌లో మాట్లాడుకున్నాం, పేరెందుకులెండి. ఆయన ఫోన్లో ఫోటోలు చూపించాడు. తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు, గాజులాంటి నీళ్లు. కింద "కాంప్లిమెంటరీ స్నార్కెలింగ్" అని రాసుంది. ఉచితం అనగానే మా ఇంట్లో నలుగురూ ఒకేసారి తలూపారు. నేను మాత్రం "రీఫ్, అదే పగడపు దిబ్బ, ఒడ్డుకి ఎంత దూరంలో ఉంటుందండీ, ఏ టైములో దిగాలి" అని అడిగాను. "అవన్నీ అక్కడ మనవాళ్లు చూసుకుంటారు సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాటకి ఒక స్టార్ కట్ చేస్తున్నా. చూసుకోవాల్సింది అదొక్కటే, అదే ఎవరూ చూడలేదు.

ఆ కాంప్లిమెంటరీ హావ్‌లాక్ ద్వీపంలోని ఎలిఫెంట్ బీచ్‌లో జరిగింది. (2018లో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. అక్కడి జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు, నేనూ అంతే.) జెట్టీ నుంచి స్పీడ్ బోట్లో తీసుకెళ్తారు, అడవిలోంచి నడిచి వెళ్లే దారి కూడా ఉంది. బీచ్ పరంగా నాకు తెగ నచ్చింది. ఒడ్డుకి దగ్గరలోనే పగడాలు మొదలవుతాయి, నీళ్లు పెద్దగా కదలవు. చిక్కల్లా పద్ధతితోనే. ఒక కుర్రాడు రబ్బరు ట్యూబ్ ఇచ్చి పట్టుకోమంటాడు, తను ముందు ఈదుతూ మనల్ని ఎడ్లబండిలా లాక్కెళ్తాడు. చేప కనిపించి ఆగుదామంటే ఆగడు. వాచీ చూశాను, సరిగ్గా తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత ఒడ్డున ఫోటోల బేరం. ఆ కుర్రాడి తప్పేం లేదు, వెనకాల ఇంకో నలభై మంది లైఫ్ జాకెట్లు వేసుకుని వరసలో నిలబడి ఉన్నారు, శ్రీరామనవమి పందిట్లో పానకానికి నిలబడినట్టు. ఈత రానివాళ్లకి, మొదటిసారి భయపడేవాళ్లకి ఇది చాలు. మా ఆవిడకి అక్కడే భయం పోయింది, ఆ పుణ్యం వాళ్లదే. సొంతంగా నిమ్మళంగా చూద్దామనుకునేవాళ్లకి మూడు స్టార్లు.

అదే రోజు సాయంత్రం రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే. 2020లో మన రుషికొండతో పాటు బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కూడా వచ్చింది. అందం గురించి మాట్లాడే పని లేదు, సూర్యుడు దిగుతుంటే మా బావమరిది కూడా పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టేశాడు. స్నార్కెలింగ్‌కి మాత్రం సున్నా. నేను మాస్క్ పెట్టుకుని దిగి పావుగంట ఈదితే కనిపించింది ఇసుక, ఇసుక, మళ్లీ ఇసుక, ఎవరిదో తెగిపోయిన చెప్పు. అక్కడే నా బుర్రలో లైటు వెలిగింది. ఫోటోలో అందంగా ఉండే బీచ్ అంటే మెత్తటి ఇసుక, కాలికి రాయి తగలకపోవడం, అలలు రావడం. చేపలు కావాలంటే రాళ్లుండాలి, అలలుండకూడదు, నీళ్ల కింద నల్లనల్లగా మచ్చలు కనబడాలి. అంటే ట్రావెల్స్ ఆయన ఫోన్లో వేలితో పక్కకి నెట్టేసే ఫోటోలన్నమాట.

ఇక అసలు సంగతి, నీల్. ఈ ద్వీపంలో బీచ్‌ల పేర్లు చూస్తే మన పక్క ఊళ్లకి వచ్చినట్టుంటుంది: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. పడవ దిగే జెట్టీ పక్కనే భరత్‌పూర్. పౌర్ణమి మర్నాడు మధ్యాహ్నం అక్కడ దిగాం, భోంచేసి, కాసేపు నడుం వాల్చి, మూడున్నరకి బీచ్‌కి వెళ్లాం. వెళ్లి చూస్తే సముద్రం లేదు. నిజంగానే లేదు. ఫోటోలో నీలంగా కనిపించిన చోట నాచు పట్టిన రాళ్లు, మధ్యమధ్యలో మోకాలి లోతు మడుగులు, ఇసుక మీద పక్కకి ఒరిగిపోయిన పడవలు. మా వాడు "నాన్నా, ప్లగ్ తీసేశారా" అన్నాడు.

అయినా మొండికి పడి దిగాను. డబ్బు పెట్టి ఇంత దూరం వచ్చాం, ఊరికే పోతామా అని. మోకాలి లోతులో బోర్లా పడుకుని చేతులతో పాకుతూ వెళ్తే పొట్టకీ పగడాలకీ మధ్య బెత్తెడు ఖాళీ కూడా లేదు. చిన్న అల ఒకటి వచ్చి ఎత్తి కుదేసింది. ఎడమ మోకాలు గీసుకుపోయి, పైకి లేచేసరికి రక్తం చీలమండ దాకా కారుతోంది. పగడపు గీత మామూలు దెబ్బలా ఆరదని అప్పుడే తెలిసింది, పది రోజులు చీము పట్టి సతాయించింది. గీసుకున్న వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, లోపల ఇరుక్కున్న రవ్వలు తీసేయాలి. నేను మగాడిలా తుడిచేసుకుని ఊరుకున్నా, అదీ నా తెలివి.

ఒడ్డున కొబ్బరిబోండాల దగ్గర ఒక పెద్దాయన నా మోకాలు చూసి, "తెలుగోళ్లా బావూ" అన్నాడు. వాళ్ల తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చేశారట, కొడుకు ఇక్కడ పని చేస్తున్నాడట. "ఆటులో దిగిపోనారేటి? పున్నం ఎల్లిన మర్నాడు సాయంత్రం ఇక్కడ నీరుంటాదా? రేపు తెల్లారి టిఫిన్ తిని రండి, పోటు మీద దిగండి" అన్నాడు. బోండాం డబ్బులు తప్ప ఆ సలహాకి పైసా తీసుకోలేదు. ఈ రివ్యూలో ఐదు స్టార్లు ఎవరికైనా ఇవ్వాలంటే ఆయనకే.

రాత్రి రూములో కూర్చుని లెక్క వేశాను. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగి (పోటు), రెండుసార్లు తీస్తుంది (ఆటు). పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజూ ఈ టైము సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, చంద్రోదయం ఆలస్యమైనట్టే. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి ప్రాంతంలో ఈ ఎక్కడం దిగడం తక్కువ. అండమాన్‌లో పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది, అంటే మనిషిని మించిన లోతు. ఆ రోజుల్లో ఉదయం తొమ్మిది, పది ప్రాంతంలో పోటు, మధ్యాహ్నం మూడు, నాలుగుకి ఆటు. అష్టమికి ఇది తిరగబడుతుంది, పొద్దున పూట ఆటు ఉంటుంది. అంటే మన వంటింటి గోడ మీద తిథులు వేసి ఉన్న క్యాలెండర్ ఉంది చూశారూ, స్నార్కెలింగ్‌కి అదే గైడు. ఖచ్చితమైన గంటలు కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్లు పోటు సమయాలు, అలల హెచ్చరికలు ఇస్తారు, ఉచితంగానే. కానీ ప్రయాణం తేదీలు పెట్టుకునేటప్పుడు క్యాలెండర్ చాలు. మేము దశమి మంచిదని, ఏకాదశి ఇంకా మంచిదని ముహూర్తం చూసి బయల్దేరతాం, సముద్రానికి కూడా తిథి ఉంటుందని ఒక్కళ్లకీ తట్టలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకే దిగాం. అదే బీచ్, అదే చోటు, నీళ్లు ఛాతీ దాకా. మొదట కొంతసేపు ఇసుక, దాని మీద పచ్చిగడ్డిలా ఊగే సముద్రపు గడ్డి. (అండమాన్ అధికారిక జంతువు డ్యూగాంగ్, సముద్రపు ఆవు, మేసేది ఇలాంటి గడ్డినే. మాకు కనిపించలేదు, కనిపిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.) తర్వాత ఒక్కొక్కటిగా గుట్టలు మొదలయ్యాయి. కొన్ని పెద్ద రుబ్బురోలులా గుండ్రంగా ఉండి, మెదడులా మడతలు. కొన్ని లేడి కొమ్ముల్లా. ఒక గుట్ట పక్కన నేను ఊపిరి బిగపట్టి కదలకుండా తేలుతూ ఉంటే చెవిలో కటుక్, కటుక్ మని శబ్దం. పక్కింట్లో ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు. తిరిగి చూస్తే ఒక చేప, నెమలికంఠం రంగు, అంచున గులాబీ గీత, చిలక ముక్కులాంటి మూతితో పగడాన్ని పట్టి కొరుకుతోంది. రెండు కొరుకులు, ఒక అడుగు పక్కకి, మళ్లీ రెండు. తిన్న కాసేపటికి తోక కింద నుంచి తెల్లగా పొడి వదిలింది, విభూతి రాలినట్టు. ఆ పొడే ఇసుక. ఇలాంటి ద్వీపాల్లో తెల్ల ఇసుకలో బోలెడంత ఈ చిలకచేపల చలవే. మా వాడికి ఈ ముక్క చెప్పినప్పటి నుంచి రాధానగర్ ఫోటోలు చూపించి "ఇదంతా చేపల..." అని చుట్టాలందరికీ చెప్తున్నాడు, ఆపలేక చస్తున్నాం.

అన్నీ అంత బాగాలేవు. ఒడ్డుకి దగ్గరగా ఉన్నవాటిలో చాలా గుట్టలు బూడిదరంగులో, చచ్చి నాచు పట్టి ఉన్నాయి. నీళ్లు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు లోపలి నాచుని బయటికి తోసేసి తెల్లబడతాయి, ఎక్కువ రోజులైతే చచ్చిపోతాయి. అండమాన్‌లో 2010లో, 2016లో అలా జరిగింది. దానికి తోడు మనలాంటివాళ్ల కాళ్లు. నిలబడి ఆయాసం తీర్చుకోవాలనిపిస్తే ఇసుక ఉన్నచోటికి ఈదండి, పగడం మీద నిలబడొద్దు. ఒకవేళ దాని మీద జాలి లేకపోయినా మీ కాళ్ల మీద జాలి ఉంటుంది కదా, ముళ్లబంతుల్లాంటి సముద్రపు జీవులు, రాయిలా కనబడే విషపు చేపలు ఉండేది ఆ సందుల్లోనే.

తొమ్మిదిన్నర దాటాక జెట్ స్కీలు, అద్దాల అడుగు పడవలు మొదలయ్యాయి. నీళ్లలో తల ఉంటే పడవవాడికి కొబ్బరిబోండాం తేలుతున్నట్టే ఉంటుంది. మేము ముదురు నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేసుకున్నాం, జంటలు జంటలుగా ఉన్నాం, అయినా ఒక పడవ మా బావమరిదికి బాగా దగ్గరగా వెళ్లింది. భరత్‌పూర్‌కి అర స్టార్ అక్కడ పోయింది. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో రాతి వంతెన ఉంది, అది నడిచి చూసే చోటు, దానికి మాత్రం ఆటు టైములోనే వెళ్లాలి. హావ్‌లాక్‌లో మేము దిగిన విజయనగర్ బీచ్ తూర్పు వైపు. అక్కడ కూడా ఆటులో నీళ్లు ఎక్కడికో పోతాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం గాలి నేరుగా అటే కొడుతుంది. గాలి కొడితే ఇసుక లేచి నీళ్లు మజ్జిగలా అవుతాయి. కాబట్టి గదిని చూసేటప్పుడే బీచ్ ఏ దిక్కుకి ఉందో, ఆ నెలలో గాలి ఏ దిక్కు నుంచో చూసుకోండి. వేసవి చివర్లో, వానాకాలంలో నైరుతి గాలి, అప్పుడు పడమటి ఒడ్లు పనికిరావు. ఎండ కూడా ముఖ్యమే, అక్కడ మన గడియారం టైమే కానీ సూర్యుడు ముందే వచ్చి ముందే పోతాడు, ఐదున్నరకి చీకటి పడిపోతుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు బంగారం.

ఇప్పుడు మాస్క్ సంగతి. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక స్పోర్ట్స్ షాపులో 1,800 పెట్టి మాస్క్, గొట్టం కలిపి కొన్నాను. అద్దెకిచ్చేవి బాగోవని కాదు, పదిమంది నోట్లో పెట్టిన గొట్టం నా వల్ల కాదు. షాపులోనే పరీక్ష ఉంది: పట్టీ తలకి వేసుకోకుండా అద్దాన్ని మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి, చెయ్యి వదిలేసినా అది మొహానికి అతుక్కుని ఉంటే మీ మొహానికి సరిపోయినట్టు. నాకు అతుక్కుంది. గాంధీనగర్ మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో దిగితే మాత్రం రెండు నిమిషాలకోసారి ముక్కులోకి నీళ్లు. కారణం మీసం. అంచు కింద వెంట్రుకలుంటే సందులోంచి నీళ్లు వస్తాయి. మా ఆవిడ "తీసేయండి" అంది. పాతికేళ్ల మీసం, అలా ఎలా తీస్తాం? ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గొరిగితే సరిపోయింది. అద్దం మసకబారకుండా లోపల చంటిపిల్లల షాంపూ ఒక చుక్క రాసి కడిగాను, అదీ బాగా పనిచేసింది. మాస్క్‌కి నాలుగు స్టార్లు, మీసం సంగతి ముందే చెప్పని షాపువాడికి రెండు. ఇంకోటి, మాస్క్‌లోంచి చూస్తే నీళ్లలో ఏదైనా అసలు సైజు కన్నా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. గుంటూరులో మా బావమరిది ఎవరికైనా చేప ఎంతుందో చేతులు చాపి చూపిస్తే పావు వంతు తగ్గించుకోండి.

మొసళ్ల గురించి అందరూ అడుగుతున్నారు. ఉన్నాయి. 2010లో హావ్‌లాక్‌లో రాధానగర్ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతిని ఉప్పునీటి మొసలి చంపేసింది. మడ అడవులు, వాగులు కలిసే చోట దిగొద్దు, చీకటి పడ్డాక దిగొద్దు, బోర్డు ఉంటే చదవండి, లైఫ్‌గార్డ్ వద్దంటే వాదించొద్దు. మేము దిగే ముందు రోజూ అడిగి దిగాం.

బయల్దేరే రోజు మా అత్తయ్య ఫోన్ చేసి, "పగడాల దగ్గరికే వెళ్లారుగా, పెద్దదానికి కుజదోషం అన్నారు, ఉంగరానికి ఒక మంచి పగడం పట్రండి" అంది. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతి అనీ, లోతు నీళ్లలో పెరుగుతుందనీ, ఇక్కడివి గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో ఉండే రాతి పగడాలనీ, పైగా ఇవి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయనీ, అంటే పులికి ఉన్నంత రక్షణ అనీ చెప్పాను. "పులి అంటావేంట్రా, రాయే కదా" అంది. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు స్కాన్ చేసేచోట మా వాడి జేబులోంచి చిటికెన వేలంత తెల్లటి ముక్క ఒకటి బయటపడింది, ఒడ్డున ఏరుకున్నాడట. ఆ సెక్యూరిటీ ఆవిడ ఏమీ అనలేదు, పక్కన బల్ల మీద ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా వైపు వేలు చూపించింది. అందులో సగం దాకా అలాంటి ముక్కలే.